మూగ మెట్టు

మోదుగాకుల బొమ్మకు కాళ్లు అయ్యాయి. ఇక నడుము. అయ్యగారు బుట్టలోంచి ఒక్కో ఆకూ తీసి, తడి తుడిచి ఇస్తుంటే కొండల్ దాన్ని దర్భల మీద పరుస్తున్నాడు. బట్టలు కుట్టే చేతులు కదా, ఆకు అంచు ఆకు అంచుతో కలిసేదాకా వదలడం లేదు. కుట్టు పడబోయే చోట బట్టను సరిచూసినట్టు బొటనవేలితో ఒత్తి ఒత్తి చూస్తున్నాడు. "జర పొడుగు పెట్టుండ్రి అయ్యగారు, మా అన్న నాకంటె పొడుగు" అన్నాడు. బొమ్మకు అంత లెక్క అక్కర్లేదన్నాడు అయ్యగారు. "మీకు అక్కర లేకపోవచ్చు. నేను కుట్టిన అంగీలేసుకున్నోడు, ఆయన కొలత నేనెట్ల తప్పుత" అని కొండల్ ఇంకో వరస ఆకులు కలిపాడు. ఇసుకలో అత్త భూమవ్వ పక్కన కూర్చున్న బాలలక్ష్మి ఆ పచ్చటి నడుము మీద తన మగని నడుమును పెట్టి చూసుకోబోయింది, కుదరలేదు. పన్నెండేండ్ల కింద గడప దాటిపోయిన రామచంద్రానికి కాళ్లూ చేతులూ ఎట్లా ఉండేవో ఆమెకు ఇప్పుడు పట్టుబడడం లేదు. గుర్తున్నదల్లా ఒక మెడ, హార్మోనియం మీదికి వంగినప్పుడు కాలర్‌లోంచి బయటపడే వెన్నుపూస, దాని మీద చెమట. దాన్ని ఏ ఆకుతో చేస్తారు. పోయిన మనిషి పన్నెండేండ్లు కనబడకపోతే చచ్చినట్టే లెక్కగట్టి, ఆకుల బొమ్మ చేసి, కాల్చి, దినాలు చేయాలని శాస్త్రమట. అగ్గి పెట్టేముందు అయ్యగారు అడుగుతాడట, ఈ మనిషి ఖబర్ ఎవరికన్నా తెలిసిందా అని. ఎవరూ ఏమీ అనకపోతే, పొద్దు గూకకముందే నిప్పు. ఆ తర్వాత వాడకట్టు ముసలామె శంకరవ్వ బాలలక్ష్మి చేతి గాజులు పగలగొడుతుంది. శంకరవ్వ అందుకోసం ఒక నున్నటి రాయిని ముందే ఏరి కొంగులో కట్టుకోవడం బాలలక్ష్మి చూసింది, చూడనట్టే కూర్చుంది.

గోదావరి నిండుగా, ఎర్రగా, వంట చెరుకు మోపులు ఈడ్చుకుంటూ పోతోంది. ఒడ్డు మీద రైలు స్టేషన్ వైపు టూరింగ్ టాకీసు డేరా, దాని పక్కన వెదురు గుంజకు కట్టిన మైకు. ఇవాళ కొత్త సినిమా పడింది. పొద్దున తడికెలకు బొమ్మలంటించిన ఎడ్లబండి వాళ్ల వాకిలి ముందు నుంచే పోయింది, డప్పు కొట్టేవాడు హీరో పేరూ హీరోయిన్ పేరూ అరుస్తూ పోయాడు, ఆ అరుపుల నడుమ ఆమె ఇంట్లోంచి దర్భల కట్ట తెచ్చి కొండల్‌కు అందించింది. ఆట మొదలయ్యేది చీకటి పడ్డాకనే. అందాకా జనాన్ని పిలవడానికి ఆ సినిమా రికార్డులే తిప్పి తిప్పి వేస్తారు. మైకు గరగరలాడింది. ఒక ఆడగొంతు పాట అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మగగొంతు ఎత్తుకుంది. ఎవడో వెన్నెల గురించి, ఎవతె గురించో పాడుతున్నాడు, ఆ మాటలు ఆమెకు కొత్తవే. కానీ మాటల కింద ఉన్న రాగం లేచి రెండడుగులు వేసేసరికి బాలలక్ష్మి వీపు నిటారైంది. ఈ నడక తెలుసు. ఇది తన వాకిట్లో నడిచిందే. ఇట్లా కిందినుంచి ఎక్కుతుంది, ఎక్కి ఒక చోట ఆగుతుంది, ఆగి, అక్కడ, సరిగ్గా అక్కడ, అనుకునేలోగా నది మీది గాలి తిరిగి పాటను స్టేషన్ వైపు తోసుకుపోయింది. మళ్లీ వినబడేసరికి ఆ చోటు దాటిపోయింది, పల్లవి నడుస్తోంది.

ఆ చోట దూకాడా, లేదా. ఆమెకు తెలియాల్సింది అదొక్కటే. దూకకపోతే ఇది అందరి రాగమే. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులు నడిచే రోజుల్లో అవతలినుంచి మరాఠీ నాటకాలోళ్లు వచ్చి ఆడి పోయేవాళ్లు, వాళ్ల పాటలు మిల్లుల్లో పత్తి ఏరే ఆడవాళ్ల నోళ్లలో ఏడాదంతా ఉండేవి. అట్లా విన్న రాగమే రామచంద్రం తెచ్చి తమ కంపెనీ నాటకంలో, రాణి అడవిలో బిడ్డను వెతుక్కునే ఘట్టంలో పెట్టాడు. దొంగతనం కాదా అని ఆమె అడిగితే నవ్వాడు. "అన్న అంగీ తమ్మునికి కుదిస్తమా లేదా. బట్ట గదే, కుట్టు మనది" అన్నాడు. ఆ మరాఠీవాళ్లు ఇంకెవరి అంగీ కుదించుకున్నారో ఎవరికి తెలుసు. కానీ కంపెనీవాళ్ల హార్మోనియం పెట్టె ఉంది చూశారూ, ఆదిలాబాద్‌లోనే పాతదాన్ని కొన్నది, అందులో పైవరసలో ఒక మెట్టు పలికేది కాదు. వేలు వేస్తే ఉఫ్‌మని గాలి వచ్చేది, అంతే. పా తర్వాత రావలసిన దా. పాట ఎక్కుతూ ఎక్కుతూ సరిగ్గా దాని మీదనే అడుగు పెట్టాలి. అందుకని రామచంద్రం పా మీద ఒక క్షణం ఆగి, ఆ మూగ మెట్టును దాటి, దాని పైనున్న నీ మీదికి దూకడం అలవాటు చేసుకున్నాడు. పెట్టె దూకితే గొంతూ దూకింది, ఆయన గొంతు దూకితే రాణి వేషం వేసేవాడూ దూకాడు, చివరికి కంపెనీ అంతా దూకింది. గుండీ ఊడిన అంగీ ఏసుకున్నట్టున్నదిరా మన పాట, అని ముత్యం మద్దెల మీద చరిచి నవ్వేవాడు. ఒకసారి జాతరలో పెట్టెలు బాగుచేసేవాడు వచ్చి, చిటికెలో పలికిస్తానంటే రామచంద్రం ఒప్పుకోలేదు. ఇప్పుడది పలికితే పాట చెడిపోతదన్నాడు. బాలలక్ష్మికి ఆ దూకుడు ఎంత అలవాటయిందంటే, పెండ్లయిన రెండో ఏడు ఆదిలాబాద్‌లో ఒక మరాఠీ ఆమె పత్తి ఏరుతూ ఆ రాగాన్ని ఏ మెట్టూ వదలకుండా పాడుతుంటే, అయ్యో ఈమెకు పాట సరిగ్గా రాదు పాపం అనుకుంది. ఇంటికొచ్చి చెబితే ఆయన పడి పడి నవ్వాడు. ఆ నవ్వును ఏ ఆకుతో చేస్తారు.

"ఏడువు బిడ్డా" అన్నది శంకరవ్వ వెనకనుంచి, వీపు నిమురుతూ. "పెండ్లాము గొంతు లేవకపోతె పోయేటోనికి తొవ్వ దొరకదంటరు. నువ్వు మొదలు పెడితెనే మేం అందుకునేది." ఇంకో ఆమె ఎవరో మెల్లగా, "కండ్లల్ల తడి సుత లేదు చూడు, పన్నెండేండ్లకు గుండె రాయైతది తీ" అంటే, "నీ మొగడు పోయిననాడు నువ్వెంత ఏడ్చినవో మాకెర్కనే, ఊకో" అన్నది శంకరవ్వ. బాలలక్ష్మికి ఆ మాటలు తనవి కానట్టే ఉన్నాయి. ఆమె చూపు ముత్యం మీద ఉంది. ఇన్నేండ్లుగా ఊరికి ఏ సినిమా వచ్చినా, ఏ రికార్డు మోగినా, ముత్యం వచ్చి కొండల్ దుకాణం అరుగు మీద కూర్చుని "గిది మన నాటకంల పాటనే, ఎత్తుకపోయిండ్రు" అనేవాడు. కొండల్ మిషిను తొక్కుతూనే, "ముత్యమన్న లెక్క చూస్తె మద్రాసోళ్లంత గోదాట్ల మునిగి మీ పాటలేరుకపోయిండ్రు" అని ఎగతాళి చేసేవాడు. వీధంతా నవ్వేది, ముత్యం కూడా నవ్వేవాడు. ఆయన మాటకు అంతే విలువ. అటువంటి ముత్యం ఇప్పుడు బొమ్మకు అవతల గొంతుక్కూర్చుని నోరు మెదపడం లేదు. తల వంచుకుని ఇసుకలో చూస్తున్నాడు. కుడి చేతి వేళ్లు మాత్రం మోకాలి మీద కదులుతున్నాయి. వేళ్లు కదిలీ కదిలీ ఒక చోట ఆగిపోయాయి, గాలి పాటను ఎత్తుకుపోయిన చోటనే, పా మీద. ఆయన విన్నాడు. ఆయనకు అక్కడ వినబడింది.

బొమ్మకు రొమ్ము అయింది. భూమవ్వ చెయ్యి వచ్చి బాలలక్ష్మి చెయ్యి పట్టుకుంది. ఎండిన చింతకాయ డొల్లలా తేలికగా ఉంది ఆ చెయ్యి. ఈ ముసలామె పన్నెండేండ్లుగా రాత్రిపూట ఒక పళ్లెంలో వేరే అన్నం పెట్టి మూత వేస్తుంది. పొద్దున దాన్ని కుక్కకు వేస్తుంది, కాకికి మాత్రం ఎన్నడూ వేయలేదు. "కాకికి పెడితె సచ్చినోన్ని చేసినట్టు. పెట్టకపోతె ఉపాసం ఉంచినట్టు. నా పెద్దోన్ని ఎటు చేర్చమంటరే" అని ఏటా పెత్తరమాస నాడు గింజుకుంటుంది. ఇంటిలో పోయినవాళ్లందరి పేర్లూ చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చేటప్పుడు, మామ పేరు అవుతుంది, మామ తండ్రి పేరవుతుంది, ఆ తర్వాత ఆమె నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఈ వానాకాలం మంచం పట్టి లేచాక ఒకటే మాట. "నేను పోయినంక వానికి అన్నం పెట్టేటందుకు యాది చేసేటోళ్లెవరే. నేనున్నప్పుడే చేసేయిండ్రి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత." అత్త కోడలి కాళ్లు మొక్కుతానంటే కోడలు ఏమంటుంది. సరే అత్తమ్మా అన్నది. సరే అన్న నాటినుంచి రాత్రులు కాజాలు కుడుతూ కూర్చున్నా సూది వేలిలోనే దిగుతోంది. ఆయన పోయిన ఏడు రజాకార్ల గడబిడ. ప్రాణహిత అవతల సిరొంచలో నాటకమాడమని కబురొస్తే కంపెనీ కదిలింది. ముత్యం జ్వరమొచ్చి చెన్నూరులోనే పడిపోయాడు. మిగిలినవాళ్లు పడవెక్కారు, పెట్టె రామచంద్రం నెత్తి మీదనే ఉందట. పడవ మునిగిందన్నవాళ్లున్నారు, దాటిందన్నవాళ్లున్నారు, చాందా బాటలో చూశామన్నవాళ్లూ ఉన్నారు. దేశం మారింది, నిజాము పోయాడు, ఊళ్లు ఖాళీ చేసి పోయినవాళ్లందరూ గొడ్లతో సహా తిరిగొచ్చారు. పెట్టె రాలేదు, ఆ పడవెక్కినవాళ్లలో ఒక్క మనిషీ రాలేదు. పోయే పొద్దున తానేమన్నది. ఏదో అన్నది. అంగీ మోచేతి దగ్గర చినిగింది, విడువు, కుట్టిస్త, అన్నది. వచ్చినంక కుట్టుదువు తీ, అన్నాడు. అంతే.

మైకు మళ్లీ గరగరలాడింది. ఆడగొంతు పాట. అది అయిపోవాలి. అయ్యగారు కొబ్బరికాయ తీసి బొమ్మకు తలగా పెడుతున్నాడు. పాట చరణాలు తరగడం లేదు, ఎవతో ఆమె ఆగి ఆగి వయ్యారంగా పాడుతోంది. తొందరగా పాడి చావరాదా తల్లీ, అనుకుంది బాలలక్ష్మి, అయ్యగారూ మీరు జర మెల్లగా కానీయండి, ఇంకా చేతులు కాలేదు, చేతి వేళ్లు కాలేదు, ఆయన వేళ్లు పొడుగు, చిటికెన వేలు కొంచెం వంకర, అవి చేయకుండా ఎట్లా కాలుస్తారు. సూర్యుడు రైలు వంతెన మీదికి దిగాడు. ఆడపాట అయిపోయింది. సూది ఎత్తిన చప్పుడు, సూది పెట్టిన చప్పుడు. మగగొంతు. గాలీ నీకు దండం పెడతా, తిరగకు. రాగం లేచింది, రెండడుగులు వేసింది, ఎక్కింది, పా మీద ఆగింది. గాలి తిరగలేదు. గొంతు దా మీద అడుగు పెట్టకుండా నీ మీదికి దూకింది. దూకిందే కాదు. దూకేముందు ఆ ఖాళీలో, వెనక అన్ని వాయిద్యాలూ ఊపిరి బిగబట్టి నిలబడగా, ఎక్కడో దూరంగా, వంటింటిలోంచి పలికినట్టు, ఒక పిల్లనగ్రోవి ఒకే ఒక్క స్వరం పలికి ఊరుకుంది. దా.

బాలలక్ష్మి చెవులు మూసుకుపోయాయి. ఇది కంపెనీది కాదు. నాటకంలో అక్కడ ఖాళీయే, గాలి ఉఫ్‌మనడమే. ఇది ఇంటిది. మధ్యాహ్నంపూట ఆయన గోడకానుకుని పెట్టె ముందు వేసుకుని కూర్చుంటే, తను వంటింటి గడపలో కూర్చుని కాజాలు కుట్టేది, దారం పండ్ల నడుమ పెట్టుకుని. "ఏమే, నేను గా మెట్టుకాడికొచ్చినప్పుడు నువ్వు పల్కు" అన్నాడు ఒకనాడు. నవ్విపోతరని తను అంటే, "ఎవరున్నరు నవ్వేటందుకు. అవ్వ కల్లంకాడికి పోయింది, కొండల్ మిషిను మోతల వానికేమినబడది. ఒక్కటే మెట్టు, పాట కాదు గద. పెట్టెకు నోరు లేనికాడ నువ్వు నోరైతవ్, గంతే." తను దారం వదలకుండానే, పెదవులు తెరవకుండానే పలికేది. ఆయన ఆ ఒక్క స్వరం కోసం పా మీద ఆగి, తలెత్తి గడప వైపు చూసేవాడు. ఎంత ఆలస్యం చేస్తే అంతసేపూ ఆగేవాడు. పిల్లలు లేని ఇంట్లో వాళ్లిద్దరికీ ఉన్న ఆట అదొక్కటే. ఏ మనిషికీ తెలియదు, గోడలకు తప్ప. మరి ఆ పిల్లనగ్రోవి ఊదినవానికి ఎవరు చెప్పారు. ఇక్కడ నువ్వు పలుకు, ఇక్కడొక్కచోటే, దూరంగా, అని ఎవరు చెప్పారు.

ఆమె లేచింది. ఎటు పోతున్నవే అని శంకరవ్వ కొంగు పట్టుకోబోతే విడిపించుకుని, బొమ్మను చుట్టి ముత్యం పక్కన కూలబడింది.

"ముత్యమన్నా. ఇన్నవా."

"ఇన్న చెల్లె."

"మనదే గద. దూకిండు గద."

ముత్యం ఇసుకలో వేలు పెట్టి తీశాడు. "దూకిండు. ఏం చేస్తవ్ మరి. కంపెనీల ఇరువై మందిమి పాడినం. ఎవని నోట్లనో పడి గంతదూరం పోయి ఉంటది. నేనెప్పటికీ అంటనే ఉంటి, ఎవలిన్నరు. ఇయ్యాల అందామంటె నోరు రాలే."

"దూకుడు సరె. గా పిల్లనగ్రోవి ఏంది మరి."

"గదే నాకు సమజ్ కాలే. మన దాంట్ల పిల్లనగ్రోవి ఎక్కడిది. ఖాళీగుండె అక్కడ." ఆమె ఆయన కళ్లలోకి చూసింది. నిజంగానే తెలియదు. పక్కనే కూర్చుని పదేండ్లు మద్దెల కొట్టినవానికి తెలియదు.

అంటే ఉన్నాడు. నీళ్లలో లేడు, చాందా అడవిలో ఎముకలై లేడు. అంత దూరాన ఏదో గదిలో, వాయిద్యాల నడుమ, మెడ వంచుకుని కూర్చుని ఉన్నాడు, ఏ డప్పువాడూ అరవని పేరుతో. ఆ పిల్లనగ్రోవి వైపు తలెత్తి చూసి ఉంటాడు. బాలలక్ష్మి గుండె లేడిపిల్లలా గంతేసింది, గంతేసి అక్కడే కాలు విరిగి పడింది. ఉంటే మరి రాలేదేం. రైలుంది. ఆ రైలు రోజూ ఈ వంతెన మీదనే కూతపెట్టి పోతుంది. ఉత్తరం రాయడం వచ్చు. ఈ పన్నెండేండ్లలో ఏ ఒక్కనాడన్నా, అవ్వ ఉన్నదా పోయిందా అని ఎవరినన్నా అడగాలనిపించలేదా. నీళ్లలో పోయి ఉంటే తనవాడే. ఉంటే ఎవరి వాడు. నా చోట ఒక పిల్లనగ్రోవిని కూర్చోబెట్టి, దానికి నా స్వరం నేర్పి, పాట పూర్తి చేసుకున్నావా. లేక నన్ను పిలవడానికే పెట్టావా, నాకు తప్ప ఎవరికీ అర్థం కాకూడదని పెట్టావా, ఏదో ఒక డేరా బయట నేను వింటానని. పిలిచేవాడివి పేరు పెట్టి పిలవలేవా. ఈ రెంటిలో ఏది నిజమో ఎవరిని అడగాలి. డేరావాడిని అడిగితే రికార్డు మీది పేరు చెబుతాడు, అది ఎవరిదో పెద్ద పేరు ఉంటుంది. ఏమని చెప్పాలి ఇక్కడ, ఏమని. సినిమా పాటలో ఒక మెట్టు విన్నా, నా మగడు బతికే ఉన్నాడు అనాలా. ముత్యానికి తోడు వదినె ఒకటి బయలుదేరింది అంటాడు కొండల్. అన్నా సరే, నిప్పు ఆగుతుంది. గాజులు ఉంటాయి. అత్త పళ్లెం మళ్లీ రాత్రి మూత పడుతుంది. నీ కొడుకు బతికి ఉండి, మాటవరసకైనా మనను తలచుకోలేదు అత్తమ్మా, తిను, అని ఆ ముసలామెకు చెప్పాలి.

ఆమె తిరిగొచ్చి అత్త పక్కన కూర్చుంది. భూమవ్వ కోడలి మొఖం చూసి, "ఏందే, ఏమన్న ఖబరా" అన్నది. ఆ కళ్లలో ఆశ లేదు, భయమే ఉంది. ఇన్నాళ్లకు ఒక తీరానికి వచ్చిన పడవను మళ్లీ తోసేస్తారేమోనన్న భయం. బొమ్మ మీద కొండల్ కొత్త అంగీ పరుస్తున్నాడు, నిన్న రాత్రి తనే కుట్టాడు, మోచేతుల దగ్గర రెండు మడతలు వేసి గట్టిగా. చూస్తూ ఉంటే అది మనిషిలాగే అయింది. అయ్యగారు నీళ్లు చల్లి లేచి నిలబడ్డాడు. కొండల్ చేతికి నిప్పు ఇచ్చాడు. పొద్దు వంతెన కిందికి జారింది. "వీరి పెద్దకొడుకు, ఫలానా రామచంద్రం, పన్నెండేండ్లాయె కనబడక. ఈ మనిషి ఉన్నడని ఎవరికన్నా ఖబర్ ఉంటె ఇప్పుడే చెప్పుండ్రి" అన్నాడు. గోదావరి చప్పుడు. అయ్యగారు రెండోసారి అడిగాడు. డేరా వైపు నుంచి గరగర. ఆడపాట వేయలేదు ఈసారి, ఆట వేళయిందని కాబోలు, ఏకంగా మగగొంతే. చెప్పాలి. తర్వాత ఏమైనా కానీ, బతికినవానిని కాల్చకూడదు, చెప్పాలి. పాట ఎక్కుతోంది. అయ్యగారు మూడోసారి అడుగుతున్నాడు. ఉన్నాడు అయ్యగారు, అనడానికి బాలలక్ష్మి నోరు తెరిచింది. పాట పా మీదికి వచ్చి ఆగింది. ఆగి తలెత్తి గడప వైపు చూసింది. ఆమె గొంతులో ఉన్న మాట మాటగా రాలేదు. పండ్ల నడుమ దారం లేదు, పెదవులు మూసి లేవు. తెరిచిన నోటినిండా, పిల్లనగ్రోవి కంటే ముందే, దా పలికింది. పలికి ఆగలేదు. పాట నీ మీదికి దూకి తన దారిన పోయినా ఆమె గొంతు ఆ ఒక్క మెట్టు మీదనే నిలిచిపోయింది.

"మొదలుపెట్టింది" అన్నది శంకరవ్వ. ఆడవాళ్లంతా ఒక్కసారే అందుకున్నారు. ఆమె ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడినుంచే అందుకున్నారు. రేవంతా ఒకే స్వరమైంది. ఆ ఏడుపు విని కొండల్ కళ్లు తుడుచుకుని బొమ్మ తల దగ్గర నిప్పు పెట్టాడు. పచ్చి ఆకులు కదా, మంట రాలేదు, ముందు పొగ లేచింది. భూమవ్వ కోడలిని రెండు చేతులా పొదువుకుని, చెంప చెంపకు ఆనించి, "ఏడ్చినవా బిడ్డా, ఏడ్చినవా. ఇగ నా కొడుకు అన్నానికస్తడు" అన్నది. ఆ మొఖం బాలలక్ష్మికి ఇంత దగ్గరగా ఎన్నడూ కనబడలేదు. ఏండ్లుగా బిగిసి ఉన్న దవడ వదులైంది, నిద్రపోబోయే పసిదాని మొఖంలా ఉంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఇంకా తల మాత్రమే అంటుకుంది, కొత్త అంగీ అట్లాగే ఉంది. ముత్యం పొగకు అవతలినుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆయన వేళ్లు మోకాలి మీద ఆగిపోయి ఉన్నాయి. ఖాళీలో ఏముండేదో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

డేరా దగ్గర రికార్డు సగంలోనే ఆగిపోయింది. ఆట మొదలైనట్టుంది. శంకరవ్వ కొంగు ముడి విప్పి రాయి తీసి, బాలలక్ష్మి ఎడమ చేతిని నేల మీద పెట్టింది. బాలలక్ష్మి నోరు మూసుకుంది. ఆడవాళ్లు మాత్రం ఆ మెట్టు వదలలేదు.